అంకెలున్నాయి సరే.. చార్ట్ ఏది?

మీది నాగర్‌కర్నూల్ జిల్లా కోడేరు అనుకుందాం. డేటా ఎనలిస్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లారు. ‘మీ ప్రాంతం లెక్కలు కొన్ని ఇస్తాం. ఐదు నిమిషాల్లో చార్ట్ వేసి వివరించండి’ అన్నారు. ఎదురుగా ఎక్సెల్ తెరిచి ఉంది. మనలో చాలామంది చేయి నేరుగా రంగురంగుల పై చార్ట్ మీదికి పోతుంది. చూడ్డానికి బాగుంటుంది కదా మరి! తప్పటడుగు పడేది కూడా అక్కడే.

2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడదీసినప్పుడు నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల ఏర్పడ్డాయి. 2011 జనగణన లెక్కల్ని ఈ కొత్త జిల్లాలవారీగా చూస్తే అక్షరాస్యత గద్వాలలో సుమారు 50 శాతం, నాగర్‌కర్నూల్‌లో 54, వనపర్తిలో 56. ఈ మూడింటినీ పై చార్ట్‌లో పెట్టండి. ఎక్సెల్ కాదనదు. మూడూ కలిపి 160 అని తీసుకుని గద్వాలకు 31 శాతం ముక్క కోసి ఇస్తుంది. ‘ఈ 31 శాతం ఏంటి? మిగతా 69 శాతం ఎవరు?’ అని అడిగితే మీ దగ్గర జవాబుండదు. ఎందుకంటే అలాంటి అంకె అసలు లేదు. ఒక్కో జిల్లా శాతం ఆ జిల్లా జనాభాలోంచి వచ్చింది. మూడు వేర్వేరు రొట్టెల ముక్కల్ని కలిపి ఒకే రొట్టె అన్నట్టు అయింది.

ఒకే మొత్తంలోని భాగాలకే పై చార్ట్. ఉదాహరణకు ఒక్క గద్వాలను తీసుకుని అక్షరాస్యులు ఎందరు, కానివారు ఎందరు అని చూపొచ్చు. ముక్కలు రెండో మూడో దాటితే అదీ వద్దు. పక్కపక్కన ఉన్న 30 శాతం, 28 శాతం ముక్కల్లో ఏది పెద్దదో కంటికి చప్పున తెలియదు. విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే గణాంక శాస్త్రవేత్తలు 1984లో ప్రచురించిన ప్రయోగాల్లోనూ ఇదే తేలింది. ఒకే గీత మీంచి లేచే ఎత్తుల్ని పోల్చినంత కచ్చితంగా కోణాల్ని పోల్చలేం.

బార్‌కు పునాది సున్నా

సరే, బార్ చార్ట్ వేశారు. ఇక్కడ ఇంకో చిక్కు. తేడా బాగా కనబడాలని అక్షాన్ని 48 దగ్గర మొదలుపెట్టారనుకోండి. గద్వాల బార్ ఎత్తు 2, వనపర్తిది 8. చూసేవాళ్లకు వనపర్తి నాలుగింతలు ముందున్నట్టు కనిపిస్తుంది. నిజానికి తేడా ఆరు పాయింట్లే. బార్‌లో కన్ను చూసేది పొడవునే కాబట్టి అక్షం సున్నా నుంచి మొదలవ్వాలి. కంపెనీలో ఇలాంటి చార్ట్ చూసి ఎవరైనా డబ్బు ఎటు ఖర్చు పెట్టాలో తేల్చేస్తే, ఆ తప్పు మీ పేరు మీదే ఉంటుంది.

అన్నట్టు, బార్లను అడ్డంగా పడుకోబెట్టండి. ‘జోగులాంబ గద్వాల’ లాంటి పొడుగు పేర్లు నిలువు బార్ల కింద పట్టక ఏటవాలుగా తిరుగుతాయి, చదవాలంటే మెడ వంచాలి. త్రీడీ జోలికి మాత్రం పోవద్దు.

ప్రశ్న మారితే బొమ్మ మారుతుంది

ఇప్పుడు ఇదే మూడు జిల్లాల జనాభా చూడండి. నాగర్‌కర్నూల్ 8.6 లక్షలు, గద్వాల 6.1 లక్షలు, వనపర్తి 5.8 లక్షలు. బార్ చార్ట్‌లో నాగర్‌కర్నూల్‌దే పైచేయి. చదరపు కిలోమీటరుకు ఎంతమంది అని లెక్కవేస్తే? వనపర్తిలో 268, గద్వాలలో 208, నాగర్‌కర్నూల్‌లో 124. వరుస మొత్తం తలకిందులైంది! నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల అడవి చాలా మేర ఉంది, అక్కడ ఊళ్లు తక్కువ. రెండు చార్టులూ నిజమే చెబుతున్నాయి. రేషన్ బియ్యం ఎంత కావాలో చూడాలంటే మొదటిది పనికొస్తుంది. ఒక్కో బస్సు రూటులో ఊళ్లు ఎంత దూరదూరంగా ఉండొచ్చో ఊహించాలంటే రెండోది. అందుకే చార్ట్ మెనూ తెరిచే ముందు ఒక కాగితం మీద ‘ఇది చూసినవాళ్లకు ఏం తెలియాలి?’ అన్నదానికి జవాబు ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యంలో ‘కంటే ఎక్కువ’ అని ఉంటే బార్ చార్ట్, ‘అందులో ఇంత భాగం’ అని ఉంటే పై చార్ట్, ‘ఏటేటా పెరిగింది’ అని ఉంటే లైన్ చార్ట్. వానకూ వేరుశనగ దిగుబడికీ సంబంధం ఉందా అన్న ప్రశ్నకైతే చుక్కల స్కాటర్ ప్లాట్.

లైన్ విషయంలో ఒక జాగ్రత్త. మార్కెట్ యార్డులో వేరుశనగ ధరల్ని రోజువారీగా గీస్తున్నారు. సెలవు రోజున గడిలో 0 కొట్టారో, ఆ రోజు ధర నేలకు పడిపోయినట్టు గీత దభాలున కిందికి దిగుతుంది. గడి ఖాళీగా వదిలేయండి.

రెండు గీతల కథ

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో పురుషుల అక్షరాస్యత 2001లో 57 శాతం, 2011లో 65. మహిళలది 32 నుంచి 45కు పెరిగింది. బార్లు వేస్తే నాలుగు దిమ్మెలు కనిపిస్తాయి, అంతే. రెండు గీతలుగా వేయండి. ఆడవాళ్ల గీత ఎక్కువ ఏటవాలుగా పైకి లేస్తుంది. అయినా మగవాళ్ల గీతకు ఇంకా 20 పాయింట్ల కిందే ఆగుతుంది. మీ అమ్మ, అమ్మమ్మల చదువు సంగతి అందులో ఉంది. ఇంటర్వ్యూలో ఈ చార్ట్ మీద మీరు రెండు నిమిషాలు తడబడకుండా మాట్లాడగలరు.

కానీ ఆ గీతల్ని 2011 తర్వాతకు పొడిగించకండి. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది, ఆ చుక్క పెట్టడానికి మీ దగ్గర అంకె లేదు. ‘ఇప్పుడెంత ఉండొచ్చు?’ అని బోర్డు అడిగితే, ‘ఈ లెక్కలతో చెప్పలేను సర్’ అనండి.