బడి చదువు – ఇంటి చదువు

హైదరాబాదు నగరంలో అమీర్‌పేట, పంజాగుట్టల చేరువన ఉన్న శ్రీనగర్ కాలనీలో జూన్ మాసపు ఉదయాలు పసుపుపచ్చని బస్సులతో మొదలవుతాయి. ఎండ ముదరకముందే అపార్టుమెంట్ల గేట్ల వద్ద బరువైన సంచులతో పిల్లలు, వారికి నీళ్లసీసా అందిస్తూ తల్లులో తాతలో కనిపిస్తారు. బస్సులు వెళ్లిపోయిన తరువాత ఏ ఇంటి బాల్కనీలోనైనా ఒక పిల్లవాడు పుస్తకం పట్టుకొని కనిపిస్తే, ఇరుగుపొరుగు వారు మొదట అడిగే ప్రశ్న “బాబుకు ఒంట్లో బాగాలేదా?” అని. బడికి పోకపోవటానికి జబ్బు తప్ప మరొక కారణం ఉండవచ్చునన్న ఊహ మన సమాజానికి ఇంకా అలవడలేదు.

అయినప్పటికీ అటువంటి కారణాన్ని వెదికే తల్లిదండ్రులు నగరంలో అక్కడక్కడ ఉన్నారు. వారిని ఆ దిశగా నడిపించినవి ముఖ్యంగా ప్రైవేటు పాఠశాలల తీరుతెన్నులే. ఏడాదికి లక్ష రూపాయలు దాటే రుసుము ఈ ప్రాంతంలో వింత కాదు. బస్సు, పుస్తకాలు, యూనిఫారం అదనం. ధనం ఎలాగో సమకూరినా కాలం సమకూరదు. రద్దీలో రాకపోకలు, సాయంత్రం హోంవర్కు, ఆరవ తరగతిలోనే ఐఐటి పేరిట మొదలయ్యే ఫౌండేషను పాఠాలు కలిసి పిల్లవాని దినమంతటినీ ఆక్రమిస్తాయి. ఆటకు మిగిలేది ఆదివారం. అదీ మరునాడు పరీక్ష లేకపోతే! ఇంత శ్రమకు ఫలమేమిటని అడిగిన తండ్రులు పూర్వమూ ఉన్నారు. పోతన భాగవతంలో హిరణ్యకశిపుడు గురువులకు అప్పగించిన కుమారుణ్ణి పిలిచి ఏమి చదువుకున్నావని అడుగుతాడు. చండామార్కులు చెప్పినది ఒకటి, ప్రహ్లాదుడు ఒప్పగించినది మరొకటి. గురువు చెప్పే పాఠానికీ బిడ్డ నేర్చే పాఠానికీ మధ్య దూరం ఉండవచ్చునని ఆ రాజు తలపోయలేదు.

ఇంటి చదువు అంటే సాయంత్రపు ట్యూషను కాదు. ఏమి చదవాలి, ఎప్పుడు చదవాలి, ఎంత వేగంతో చదవాలి అనే మూడింటినీ కుటుంబమే నిర్ణయించుకొని, బోధన బాధ్యతను తానే వహించటం. ఇది పశ్చిమ దేశాలనుండి దిగుమతి అయిన కొత్త పోకడ అని చాలామంది భావిస్తారు. చరిత్ర అందుకు భిన్నంగా చెబుతున్నది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో తన రాజధానిలోని పాఠశాలల లెక్కలు పంపవలసిందిగా జిల్లా కలెక్టర్లను ఆదేశించాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనివే; నిజాము ఏలుబడిలోని హైదరాబాదు మాత్రం ఆ లెక్కకు వెలుపలిది. 1826 నాటి మన్రో నివేదిక ప్రకారం 12,498 బడులలో 1,88,650 మంది చదువుతున్నారు. అయితే మద్రాసు నగరపు లెక్కలో ఒక విశేషం కనిపించింది. అక్కడ బడులలో ఉన్నవారు ఐదువేల చిల్లర కాగా, ఇళ్లలో చదువుకొనేవారు దాదాపు 27 వేలు. బడిపిల్లలకంటె ఇంటిపిల్లలు సుమారు ఐదు రెట్లు! వీధిబడి పంతులు ఇసుకలో అక్షరాలు దిద్దిస్తున్న కాలంలోనే తండ్రులు, బంధువులు, ఇంటికి వచ్చే గురువులు మరెందరికో చదువు చెబుతూ ఉండేవారన్నమాట. కాని ఈ లెక్కను చూచి మురిసిపోవటం తగదు. ఆ చదువు చాలావరకు మగపిల్లలకే, కలిగిన కుటుంబాలకే, కొన్ని కులాలకే దక్కింది.

ఆడపిల్లలకు ఇల్లు ఎలాంటి బడి అయిందో భండారు అచ్చమాంబ జీవితం చెబుతుంది. 1874లో జన్మించిన ఆమె బడికి వెళ్లలేదు. బాల్యంలోనే వివాహమైంది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతో పాటు తానూ ఇంట్లోనే తెలుగు, హిందీ నేర్చుకొన్నది. ఆ చదువుతోనే 1902లో ‘ధనత్రయోదశి’ కథ వ్రాసింది, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వెలువరించింది. ఇంటి చదువు గొప్పతనానికి ఆమెను ఉదాహరణగా చూపేవారు ఒక సంగతి మరచిపోతారు. ఆమె ఇంటిని ఎంచుకొనలేదు; బడి తలుపు ఆమెకు మూసి ఉన్నది. రెండు తలుపులూ తెరచి ఉన్నప్పుడే ఎంపిక అనే మాటకు అర్థం.

నేటి చట్టం సంగతి చూద్దాం. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ ద్వారా విద్య ప్రాథమిక హక్కు అయింది. దానిని అమలుచేసే విద్యాహక్కు చట్టం 2009లో రూపొంది, 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆరు నుండి పదునాలుగు ఏండ్ల వయసు గల బిడ్డను పొరుగున ఉన్న బడిలో చేర్పించటం తల్లిదండ్రుల విధి అని దాని పదవ సెక్షను చెబుతున్నది. విధి అని చెప్పిందే కాని, తప్పినవారికి శిక్ష విధించలేదు. 2012లో ఢిల్లీ హైకోర్టులో ఒక వ్యాజ్యం సందర్భంగా, స్వచ్ఛందంగా ఇంటి చదువును ఎంచుకొన్నవారికి ఈ చట్టం అడ్డురాదని కేంద్రప్రభుత్వం తెలిపింది. అమెరికాలోని యాభై రాష్ట్రాలలోనూ ఇంటి చదువు చట్టసమ్మతం. జర్మనీలో అది నిషిద్ధం. ఆ నిషేధం తప్పుకాదని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం కూడ 2006లో అభిప్రాయపడింది. భిన్న కుటుంబాల పిల్లలు ఒకచోట కలిసి పెరగకపోతే సమాజం ముక్కలవుతుందన్నది జర్మనీ వాదన. కొట్టివేయదగిన వాదన కాదది.

పరీక్షల చిక్కు మాత్రం చాలామంది భయపడినంత పెద్దది కాదు. కేంద్ర మాధ్యమిక విద్యామండలి 1979లో ప్రారంభించిన సార్వత్రిక పాఠశాల ప్రయత్నమే క్రమంగా పెరిగి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ అయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం 1991లో ఏర్పడింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు వేరొకటి వచ్చింది. పదునాలుగు ఏండ్లు నిండినవారు బడి ముఖం చూడకపోయినా పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చు. చిక్కంతా రసాయనశాల, భౌతికశాల వంటి చోట్లనే. వంటింట్లో నీరు మరిగించి ఆవిరిని చూపవచ్చు గాని, అన్ని ప్రయోగాలకూ వంటిల్లు చాలదు.

అసలు ప్రశ్న వేరొకటి ఉన్నది. బడి రుసుముకు రసీదు ఉంటుంది. ఇంటి చదువు ఖర్చుకు రసీదు ఉండదు. రోజుకు నాలుగైదు గంటలు బిడ్డతో కూర్చొనేదెవరు? ఎక్కువ ఇళ్లలో తల్లి. అందుకోసం ఆమె ఉద్యోగం మానుకొంటే, కోల్పోయిన జీతం పాఠశాల రుసుముకు ఎన్ని రెట్లో ఎవరూ లెక్కవేయరు. పైగా అపార్టుమెంటు జీవితం సగం ద్వీపం వంటిది. ఎదురింటివారి పేరైనా తెలియని అంతస్తులో బడి కూడ లేకపోతే, బిడ్డకు తన వయసువారితో తగవులాడే అవకాశమైనా చిక్కదు. కాబట్టి ఇంట చదివించదలచినవారు ఆటస్థలాన్ని, సంగీత పాఠాన్ని, గ్రంథాలయాన్ని, నలుగురు పిల్లల కూడికను పాఠ్యక్రమంలో భాగంగానే ఏర్పరచవలసి వస్తుంది. 2020 మార్చిలో కరోనా కారణంగా బడులు మూతపడి, సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు ప్రసారమైనప్పుడు అందరి ఇళ్లూ బడులయ్యాయని అన్నారు. అది ఇంటి చదువు కాదు. ఇంట్లోకి వచ్చిన బడి. వేళ, పాఠం, వేగం మూడూ వెలుపలివారివే. కాని తోడులేని చదువు ఎంత బరువో పిల్లలకు తెలిసింది.

అదే అపార్టుమెంటులో సెల్లారు పక్క గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. వారి అమ్మాయి బడి మాని ఇంట్లో ఉంటే దానిని ఎవరూ ఇంటి చదువు అనరు. తమ్ముణ్ణి ఎత్తుకొనటం, నాలుగిళ్లలో తల్లికి పనిలో సాయపడటం ఆమె దినచర్య. ఆచార్య శాంతా సిన్హా నేతృత్వంలో ఎం.వి. ఫౌండేషను రంగారెడ్డి జిల్లా పల్లెలలో చేసిన కృషికి మూలసూత్రం ఇదే: బడికి వెలుపల ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే. ఆ సూత్రంతో వెట్టినుండి, పొలంపనులనుండి పిల్లలను విడిపించి బడికి చేర్చినందుకు ఆమెకు 2003లో రామన్ మెగసేసే పురస్కారం లభించింది. బాల్కనీలో పుస్తకం పట్టిన పిల్లవానికి ఈ సూత్రం కఠినంగా తోచవచ్చు. కాని సెల్లారు పక్క గదిలోని పిల్లకు అదే రక్ష. చట్టం ఇద్దరికీ ఒకటే కావలసి రావటమే ఇందులోని కష్టం. ఇంటి చదువుకు విశాలంగా అనుమతి ఇస్తే, ఆ మాటను అడ్డుపెట్టుకొని ఆడపిల్లను వంటింటికి పరిమితం చేసేవారు ఉంటారు. అసలే వద్దంటే, నిజంగా శ్రద్ధ గల తల్లిదండ్రుల చేతులు కట్టివేసినట్లవుతుంది.

తెలుగు సంగతి కూడ ఇక్కడ చెప్పుకోదగినది. తెలంగాణలో 2018 నాటి చట్టం పదవ తరగతి వరకు అన్ని పాఠశాలలలో తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. ఆ నిబంధన ఇంటి గడప దాటి లోపలికి రాదు. అమ్మమ్మ కథలు చెప్పే ఇంట్లో బడిలో కంటె చక్కని తెలుగు వస్తుంది. ఆంగ్లమే మాట్లాడే ఇంట్లో రెండవ భాషగానైనా మిగలదు.

ఒకసారి ఇంట ఉంచితే మరల బడి లేదని భయపడనక్కరలేదు. విద్యాహక్కు చట్టం నాలుగవ సెక్షను ప్రకారం, బడిలో చేరని బిడ్డను ఎప్పుడైనా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి; వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అందువల్ల ఆరవ ఏట తల్లిదండ్రులు తీసుకొన్న నిర్ణయాన్ని పదవ ఏట తిరిగి పరిశీలించవచ్చు. అప్పటికి బిడ్డకు కూడ తన అభిప్రాయం చెప్పే వయసు వస్తుంది.