కారుకీ కావాలి చలికాలపు చెప్పులు
(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



"టైర్ల సంగతి ఆడవాళ్ళకెందుకే?" అని మావారు నవ్వారు, నేను కాగితాలు ముందేసుకుని కూర్చుంటే. మొన్నమొన్నటిదాకా నేనూ అలా అనుకున్నదాన్నే. కాని మనలో యెంతమంది పిల్లలు యివాళ కెనడాలోనో, అమెరికాలోనో, జర్మనీలోనో వుంటున్నారు! వాళ్ళ పురుళ్ళకీ పుణ్యాలకీ వెళ్ళేది మనమే గదా. అక్కడ నేను చేసిన తెలివితక్కువ పని మీరెవరూ చేయకూడదనే యీ నాలుగు మాటలూ.

మా అమ్మాయి పురుటికని కెనడాలోని ఆటవా నగరానికి వెళ్ళాను. అక్టోబరు నెలాఖరులో మా అల్లుడు "అత్తయ్యగారూ, రేపు కారుకి చలికాలపు టైర్లు వేయించుకొస్తాను" అన్నాడు. చూస్తే వున్న టైర్లు నిక్షేపంలా వున్నాయి. "కొత్త కారుకి మళ్ళీ నాలుగు టైర్లేమిటి నాయనా, దండగ! మంచు పడ్డాక చూసుకోవచ్చులే" అన్నాను. పెద్దదాని మాట తీసెయ్యలేక అతను వూరుకున్నాడు.

నవంబరులో ఒకనాటి పొద్దున్న పసివాడికి టీకా వేయించడానికి బయలుదేరాం. రోడ్డు మీద మంచన్నది లేదు. నాలుగు రోడ్ల కూడలిలో అమ్మాయి బ్రేకు నొక్కింది. కారు ఆగలేదు! సబ్బునీళ్ళ మీద పీట జారినట్టు జారి, కూడలి నడుమకి పోయి నిలబడింది. ఆ క్షణాన అడ్డంగా యే బండీ రాలేదు గనుక యివాళ మీతో యిలా మాట్లాడుతున్నాను. అమ్మాయి నన్ను ఒక్కమాట అనలేదు. వెనక్కి తిరిగి పిల్లవాడి ముఖం చూసుకుంది, అంతే. ఆ చూపు నేను మరిచిపోలేను.

మంచు లేకుండానే యెందుకు జారింది? దీనికి రెండు కారణాలున్నాయి. రాత్రి తడి గడ్డకట్టి, కంటికి కనబడని గాజుపొరలా రోడ్డుకి అంటుకుని వుంది. అది ఒకటి. రెండోది మా టైర్లు. డిసెంబరులో మన యింట్లో కొబ్బరినూనె సీసా చూడండి, పొద్దున్నే గడ్డకట్టి బోర్లించినా రాదు. రబ్బరు కూడా చలికి బిగుసుకుంటుంది. మామూలు వేసవి టైరు, ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీలకన్నా తగ్గితే గట్టిపడి రోడ్డుని పట్టుకునే గుణం పోగొట్టుకుంటూ వస్తుంది. చలికాలపు టైరుకి వాడే రబ్బరు వేరు. అంత చలిలోనూ అది మెత్తగానే వుంటుంది. కాబట్టి చూడవలసింది మంచు పడిందా లేదా అని కాదు, చలి యెంత వుందని. నేను పొరబడ్డది సరిగ్గా అక్కడే!

ఇక ఆ టైరు మీది గాళ్ళ సంగతి. మన రోలు అరిగి నున్నబడితే పప్పు నలగదు, మళ్ళీ గంట్లు కొట్టించుకుంటాం. చలికాలపు టైరుకి లోతైన గాళ్ళతోపాటు, వాటి మధ్య కత్తితో గీసినట్టు వందలకొద్దీ సన్నని చీలికలుంటాయి. ఆ అంచులు మంచుని కరిచి పట్టుకుంటాయి. గాళ్ళలో యిరుక్కున్న మంచు కూడా రోడ్డు మీది మంచుని పట్టుకుని సాయం చేస్తుంది. అలాగని గాజుపొర మీద అసలే జారదని కాదు. తక్కువ జారుతుంది, త్వరగా ఆగుతుంది. నెమ్మదిగా నడపడం యెప్పుడూ తప్పదు.

కొనేటప్పుడు చూసుకోవలసిన గుర్తులు చెబుతాను. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచుపువ్వు బొమ్మ వుండాలి. మంచు మీద పరీక్షకి నిలిచిన టైరుకే ఆ బొమ్మ వేస్తారు. 'ఎం ప్లస్ ఎస్' అన్న అక్షరాలు మాత్రమే వుంటే చాలదు, వాటికి అలాంటి పరీక్ష అక్కరలేదు. పక్కనే 'డాట్' అన్న వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 3624 అని వుంటే 2024లో 36వ వారం తయారైందన్నమాట. గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకి వస్తే టైరు పని అయిపోయినట్టే. చలికాలానికైతే 4 మిల్లీమీటర్లైనా వుండాలంటారు.

ముందు చక్రాలకి రెండే కొని పొదుపు చేద్దామనుకోకండి. ముందు చక్రాలు పట్టుకుని వెనకవి జారితే, కారు బొంగరంలా తిరిగిపోతుంది. నాలుగూ మార్చాలి. నాలుగు చక్రాలూ లాగే కారైనా సరే! ఆ శక్తి బయలుదేరడానికి పనికొస్తుంది గాని, ఆగడానికి కాదు.

ఖర్చంటారా, నేనూ లెక్క వేశాను. చలికాలపువి వాడినన్నాళ్ళూ వేసవివి అరగవు, అంచేత రెండు జతలూ యెక్కువకాలం వస్తాయి. ఆటవా వున్న అంటారియో రాష్ట్రంలో, యీ టైర్లు వేసినవాళ్ళకి బీమా కంపెనీలు తగ్గింపు యివ్వాలని 2016 నుంచి నియమం వుంది. నది దాటి అవతలి క్విబెక్‌కి పోతే యిది యిష్టాయిష్టాల సంగతి కాదు, 2008 నుంచి చట్టం. ఇప్పుడక్కడ డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు వుండి తీరాలి. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి, మంచు రోడ్డు మీద ఆ కొండబొమ్మ వున్న టైర్లే చెల్లుతాయి. డల్లాస్ లాంటి వెచ్చని వూళ్ళలో మాత్రం అన్ని కాలాల టైర్లతో సరిపెట్టుకోవచ్చు. అక్కడ మంచు పడిన ఆ ఒకటి రెండు రోజులూ కారు తీయకపోవడమే మేలు.

మరో రెండు జాగ్రత్తలున్నాయి. చలి పెరిగితే టైరులో గాలి వొత్తిడి తగ్గుతుంది, అయిదారు డిగ్రీలకి సుమారు ఒక పౌను చొప్పున. నెలకొకసారైనా చూసుకోవాలి. ఎండలు రాగానే చలికాలపువి విప్పించెయ్యాలి. మెత్తని రబ్బరు వేడికి యిట్టే అరుగుతుంది, బ్రేకూ సరిగా పడదు.

మొదటి మంచు పడ్డాక అందరూ టైర్ల కొట్టుకే పరుగెత్తుతారు. మాకు పది రోజుల దాకా వంతు రాలేదు. ఆ పది రోజులూ కారు కదల్లేదు. అల్లుడు బస్సులో ఆఫీసుకి వెళ్తుంటే కిటికీలోంచి చూస్తూ, నా "దండగ" మాటకి నేనే సిగ్గుపడ్డాను.

మన వూళ్ళో మనకీ టైర్లు అక్కరలేదు. కాని వానాకాలానికి ముందు గాళ్ళు అరిగాయేమో చూసుకోవడం మనకీ అవసరమే. గాళ్ళ అడుగున చిన్న గట్లు వుంటాయి. టైరు అరిగి ఆ గట్టుతో సమానమైతే, దాన్ని మార్చవలసిందే.

ఈసారి అక్టోబరులో మీ పిల్లలు ఫోను చేసినప్పుడు "ఆవకాయ అందిందా?" అని అడగండి, తప్పకుండా అడగండి. దాంతోపాటు "టైర్లు మార్చారా అమ్మా?" అని కూడా అడగండి. వాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి.

సెలవు.