వైద్యవిద్యార్థి మనోభీతి – మహమ్మారి నేర్పిన పాఠం

మన దేశంలో కోవిడ్ వ్యాధి మొట్టమొదట 2020 జనవరి 30న కేరళలో నిర్ధారణ అయినది. ఆ తొలి రోగి వుహాన్ నగరంలో వైద్యం చదువుతూ స్వదేశానికి తిరిగివచ్చిన విద్యార్థిని. అటుపిమ్మట రెండు సంవత్సరాలకు పైగా మన వైద్యవిద్యార్థులు అనుభవించిన మనోవేదనను గూర్చి తగినంత చర్చ జరుగలేదని నా అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో కోవిడ్ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించింది. ఆనాటి విద్యార్థులు నేడు వైద్యులైనారు. అయినా నిద్ర పట్టదనీ, రాత్రి డ్యూటీ అంటే గుండె దడదడలాడుతుందనీ నా వద్దకు వచ్చే యువవైద్యులు ఇప్పటికీ ఉన్నారు. వారి తల్లిదండ్రులకు ఉపయోగపడగలదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

భయానికి హేతువు

2020 మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలైనది. కళాశాలలు మూతపడినవి, హాస్టళ్లు ఖాళీ అయినవి. పాఠాలు సెల్‌ఫోనులోకి వచ్చినవి. విద్యార్థికి శాస్త్రం వినబడినదే గాని రోగి కనబడలేదు. శాస్త్రం మాత్రమే చదివి కర్మాభ్యాసం లేనివాడు రోగి ఎదుట తడబడి భీతిల్లుతాడని సుశ్రుతుడు సూత్రస్థానంలో ఏనాడో హెచ్చరించినాడు.

ఆ రోజుల్లో ఒక తల్లి, ఎం.బి.బి.ఎస్. చదువుతున్న తన కుమార్తెను నా వద్దకు తీసుకువచ్చింది. అమ్మాయికి ఏ వ్యాధీ లేదు. కాని గంటకొకసారి ఆక్సీమీటరు వేలికి తగిలించుకొనేది. అంకె 98 చూపినా మనస్సు కుదుటపడేది కాదు. పుస్తకంలో చదివిన లక్షణాలన్నీ తనలోనే కనిపించేవి. అమ్మమ్మ ఉన్న గది గడప తొక్కేది కాదు. "భయం దేనికి తల్లీ?" అని అడిగినాను. "జబ్బు వస్తుందని కాదండీ. రేపు నన్ను వార్డులో నిలబెడితే ఏం చేయాలో నాకు తెలియదు" అన్నది.

ఆమె సమాధానంలోనే రోగనిదానం ఉన్నది. ఆక్సీమీటరు రోజుకు రెండుసార్లే చూడమన్నాను. ప్రతి ఉదయం మాస్కు ధరించి అమ్మమ్మ రక్తపోటు చూచి పుస్తకంలో వ్రాయమన్నాను. రాత్రి అరికాళ్లకు నూనె మర్దన చేయించమని తల్లికి చెప్పినాను. మూడు వారాలకు నిద్ర కుదిరింది. ఔషధం స్వల్పమే, చేతికి దొరికిన పని, ఆ పని మీద కలిగిన నమ్మకం ఎక్కువ మేలు చేసినవి.

చరకసంహితలో గురుశిష్యులు

మహమ్మారి వేళ వైద్యవిద్యార్థి ఎట్లా ఉండవలెనో చరకసంహిత విమానస్థానం మూడవ అధ్యాయంలో చక్కని ఉదాహరణ ఉన్నది. పాంచాల దేశంలో కాంపిల్య నగరం వద్ద, గంగాతీరాన, వేసవి చివరి దినాలలో ఆత్రేయ పునర్వసువు శిష్యులతో కలిసి సంచరిస్తున్నాడు. రానున్న జనపదనాశాన్ని గుర్తించి, భూమి సారం చెడకముందే ఓషధులను సేకరించి ఉంచుకొనవలెనని అగ్నివేశునికి చెప్పినాడు. వేర్వేరు ప్రకృతులు గల జనులు ఒకే వ్యాధితో ఒకే కాలంలో ఎందుకు నశిస్తారని శిష్యుడు అడిగినాడు. వాయువు, జలం, దేశం, కాలం – ఈ నాలుగూ అందరికీ సమానం గనుక, అవి చెడినప్పుడు అందరికీ కీడు కలుగుతుందని గురువు వివరించినాడు.

ఇక్కడ మూడు విషయాలు గమనించదగినవి. గురువు చెంతనే ఉన్నాడు. శిష్యుని చేతికి పని అప్పగించినాడు. సందేహం అడుగనిచ్చినాడు. ఈ మూడింటిలో ఏది లోపించినా భయం ప్రవేశిస్తుంది.

2021 మే నెలలో, రెండవ విజృంభణ ఉద్ధృతంగా ఉన్నప్పుడు, అధ్యాపకుల పర్యవేక్షణలో హౌస్ సర్జన్లను కోవిడ్ విధులకూ, ఆఖరి సంవత్సరం విద్యార్థులను ఫోను ద్వారా సలహాలిచ్చేందుకూ, స్వల్ప లక్షణాల రోగులను కనిపెట్టుకొని ఉండేందుకూ వినియోగించవచ్చునని కేంద్రప్రభుత్వం తెలిపింది. పర్యవేక్షణ అన్నది అందులో ముఖ్యమైన మాట. పెద్దవైద్యుడు పక్కన నిలిచిన చోట తమ భయం పదిరోజుల్లో తగ్గినదని నా వద్దకు వచ్చినవారు చెప్పినారు. అర్ధరాత్రి వార్డులో ఒంటరిగా మిగిలినవారి మాట వేరు.

నిరీక్షణ కూడా మనస్సును నలిపినది. 2021 ఏప్రిల్ 18న జరుగవలసిన పీజీ నీట్ పరీక్ష వాయిదాపడి సెప్టెంబరు 11న జరిగింది. చైనాలో చదువుతున్న తెలుగు పిల్లలైతే 2022 ఆగస్టులో ఆ దేశం విద్యార్థి వీసాలను తిరిగి ఇచ్చేదాకా ఇంటిపట్టునే ఉండవలసివచ్చింది. రోగాన్ని వృద్ధిచేసేవాటిలో విషాదాన్ని చరకుడు అగ్రస్థానంలో నిలిపినాడు. ఎటూ తేలని నిరీక్షణ విషాదానికి దారితీస్తుంది.

అణచరాని వేగాలు

బలవంతంగా ఆపుకొనరాని శరీరవేగాలు పదమూడని చరకుడు చెప్పినాడు. వాటిలో మూత్రం, ఆకలి, దప్పి, నిద్ర ఉన్నవి. కన్నీరు కూడా ఉన్నది. పీపీఈ కిట్టులో గంటల తరబడి నిలిచిన హౌస్ సర్జను వీటినన్నింటినీ బిగబట్టవలసివచ్చింది. ఆ విధంగా వాతం ప్రకోపించి గుండెదడ, నిద్రలేమి, ఉలికిపాటు కలుగుట సహజం. మొదటి మరణాన్ని కళ్లారా చూచి ఇంటికి వచ్చిన బిడ్డతో "డాక్టరువై ఉండి ఏడుస్తావా?" అనుట హితం కాదు. కన్నీటిని రానివ్వవలెను. అదుపులో ఉంచవలసినవి భయశోకాలు.

ఇంట పాటింపదగినవి

నిద్ర: ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం దేహాన్ని నిలిపే మూడు ఉపస్తంభాలు. డ్యూటీ నుండి ఏ వేళకు వచ్చినా గది చీకటి చేసి, ఫోను వేరొక గదిలో ఉంచి నిద్రపోనివ్వవలెను.

పాదాభ్యంగం: గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్లను పది నిమిషాలు మృదువుగా మర్దించి, జారిపడకుండా తుడిచివేయవలెను.

ఆహారం: వేడి అన్నం, పెసరకట్టు, కొద్దిగా నెయ్యి, పగటివేళ పలుచని మజ్జిగ. సాయంత్రం దాటిన తరువాత కాఫీ, టీలు మానవలెను. పడుకొనేముందు గోరువెచ్చని పాలలో చిటికెడు జాజికాయ పొడి వేసి తాగవచ్చును. అంతకు మించరాదు, గర్భిణులు వాడరాదు.

అశ్వగంధ: ఇది అందరికీ తగినది కాదు. గర్భిణులు వాడరాదు. థైరాయిడ్, కాలేయ వ్యాధులు ఉన్నవారు, నిద్రమాత్రలు వాడేవారు వైద్యుని అడుగకుండా తీసుకొనరాదు.

సంభాషణ: మార్కులను గూర్చిగాక "ఈ రోజు ఏ రోగిని చూచినావు? ఏమి నేర్చుకొన్నావు?" అని అడుగవలెను. చెప్పుకొన్న భయం సగం తగ్గుతుంది.

పైన చెప్పినవి మనస్సుకు స్వాస్థ్యం కలిగించేవే గాని కోవిడ్‌కు చికిత్స కావు. రెండు వారాలకు మించి నిద్ర లేకపోయినా, అన్నం మానివేసినా, చావు మాట నోట వచ్చినా నూనెలతో, లేహ్యాలతో కాలయాపన చేయరాదు. వెంటనే మానసిక వైద్యుని చూడవలెను. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాట్లాడవచ్చును. వైద్యుడు మరొక వైద్యుని సహాయం కోరుట నామోషీ కాదని పిల్లలకు తల్లిదండ్రులే చెప్పవలెను.

మరొక మహమ్మారి రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అది వచ్చిన నాడు అధ్యాపకులు విద్యార్థిని ఇంటికి పంపినా, వార్డుకు పంపినా, అతనికి చేయగల పనిని ఒకటి అప్పగించి, ఆ పని ముగిసేదాకా అందుబాటులో ఉండవలెను. ఆత్రేయుడు గంగాతీరాన చేసినది అదే.