యంత్రమునుండి యంత్రమునకు

పాత కంప్యూటరునుండి క్రొత్తదానికి ఫైళ్లను తరలించుట ఎట్లు? ఈ ప్రశ్నకు తొందరపడి బదులు చెప్పరాదు. ఆ ఫైళ్లలో ఇంటి పెద్దల కంఠస్వరములు, పెండ్లి దృశ్యములు ఉండవచ్చును. ధ్వనిని భద్రపరచుట వృత్తిగా గల మాకు, ఒకమారు చెరిగిన కంఠము తిరిగి రాదని బాగుగ తెలియును.

రెండు యంత్రములును ఒకే జాతివి కానపుడే చిక్కు. విండోస్ యంత్రములు తమ డిస్కులను సాధారణముగ ఎన్‌టీఎఫ్‌ఎస్ అను పద్ధతిలో అమర్చుకొనును. మాక్ దానిని చదువగలదు గాని, వేరొక సాధనము తోడు లేక దానిపై వ్రాయజాలదు. ఫాట్32 అను పాత పద్ధతిని రెండును ఎరుగును; అయితే అందు 4 జీబీ మించిన ఫైలు ఇముడదు. పొడవైన పెండ్లి వీడియో అచ్చటనే ఆగిపోవును. 2006లో వచ్చిన ఎక్స్‌ఫాట్ పద్ధతికి ఈ ఇబ్బంది లేదు. విండోస్, మాక్‌లు దానిని ఎరుగును. 2019 నుండి లినక్సు కెర్నెల్‌లోను దానికి చోటు కలిగినది. కావున యంత్రములు ఒకే ఇంట ఉన్నచో, ఎక్స్‌ఫాట్‌గా అమర్చిన పెన్‌డ్రైవు చాలును. అట్లు అమర్చునపుడు అందలి పాత సమాచారమంతయు తుడుచుకొనిపోవునని మాత్రము మరువరాదు.

దూరమున నున్న యంత్రమునకు పంపవలెనన్న నెట్‌వర్కే మార్గము. భిన్నజాతి యంత్రములు ఫైళ్లను ఇచ్చిపుచ్చుకొనుటకై 1971లో అభయ్ భూషణ్ అను భారతీయుడు అమెరికాలోని ఎంఐటీలో ఎఫ్‌టీపీ నియమావళిని రచించెను. ఆయన కాన్పూరు ఐఐటీలో చదివినవారు. అయితే ఆ పద్ధతిలో పాస్‌వర్డు సైతము పోస్టుకార్డుపై వ్రాతవలె బాహాటముగ పోవును. త్రోవలో పొంచియున్నవాడు చదువుకొనవచ్చును. ఎస్‌ఎఫ్‌టీపీ యన్ననో, అంతటిని రహస్యలిపిలోనికి మార్చి పంపును. నేడు దానినే ఎన్నుకొనుట మేలు. ఎఫ్‌టీపీ తప్పనిసరియైనచో ధ్వనిని, చిత్రములను ‘బైనరీ’ విధానమున పంపవలెను. ‘ఆస్కీ’ విధానము అక్షరపాఠమునకై ఏర్పడినది. పంక్తి ముగింపును విండోస్ రెండు గుర్తులతోను, యూనిక్సు ఒక గుర్తుతోను సూచించును గనుక, ఆ విధానము వానిని మార్చుచు పోవును. ఆ మార్పు ధ్వని ఫైలును చెరచును.

ఏ మార్గమున పంపినను, చేరినదని తలచినంతనే పని ముగియదు. రెండు చోట్లను షా-256 అను సంఖ్యను గణించి పోల్చవలెను. ఫైలులో ఒక్క బిట్టు మారినను ఆ సంఖ్య వేరగును. సంఖ్యలు సరిపోయిన పిమ్మటను ఫైలును తెరచి, కొంత విని చూడవలెను. అంతవరకు పాత ప్రతిని తుడిచివేయకుడని మా మనవి.