హిమసీమలో గాలిమర

మన తెలుగునాట హేమంతము ధాన్యము కళ్ళమునకు చేరు కాలము. కోతలతోడను, కుప్పనూర్పిళ్ళతోడను, వాని వెనువెంట వచ్చు సంక్రాంతి సన్నాహములతోడను రైతునకు ఊపిరి సలుపని ఋతువు. అమెరికా దేశమున మోంటానా రాష్ట్రపు తూర్పు మైదానములందు చలికాలపు స్వభావమే వేరు. అచ్చట నేల గడ్డకట్టి నాగలికి లొంగదు. పాదరసము సున్నకు దిగువ 40 డిగ్రీలదాక జారు దినములును కలవు. పసులకు మేత వేయుట, తొట్లలో పేరిన మంచును పగులగొట్టి వానికి నీరందించుట యను నిత్యకృత్యములు తీరినపిదప మిగిలిన దీర్ఘరాత్రియంతయు ఇంటివారిదే. ఆ రాత్రులకు దీపము కావలెను. విరిగిన పనిముట్లు బాగుచేసికొనుటకు దీపముతోపాటు యంత్రబలమును కావలెను. ఇట్టి అక్కరనుండియే, ఏ కళాశాలలోను గాక ఒక పశుక్షేత్రముననే, ఇరువదవ శతాబ్దపు మేటి గాలిమరలలో ఒకటి జన్మించినది.

40 మైళ్ళ దూరాన పెట్రోలు

1920ల నాడు మార్సెలస్ జేకబ్స్, అతని సోదరుడు జో తమ కుటుంబపు పశుక్షేత్రమున నివసించుచుండిరి. దగ్గరి పట్టణమగు వుల్ఫ్ పాయింట్ సుమారు 40 మైళ్ళు. విద్యుత్తు తీగలు ఆ ఛాయలకు రాలేదు. 1930ల ఆరంభమునందు గూడ అమెరికా సేద్యగృహములలో నూటికి సుమారు పదింటికే కరెంటు ఉండెను. చిన్న పెట్రోలు ఇంజనుతో దీపములు వెలిగించుకొనవచ్చును గాని, ఆ పెట్రోలును అంత దూరమునుండి మోసికొని రావలయును. ఇంటి ముంగిట గాలి మాత్రము వెల యడుగక వీచుచుండెను.

సోదరులు చేతనున్న సామగ్రితోనే పనికి పూనుకొనిరి. నీరు తోడు గాలిమర చక్రమును తెచ్చి, పాత ఫోర్డు మోడల్ టి కారు వెనుక ఇరుసును దానికి జోడించి, జనరేటరును త్రిప్పి చూచిరి. తిరిగినది గాని, వారి కోరిక తీరలేదు. అనేక రెక్కలుగల చక్రము నెమ్మదిగ, బలముగ తిరుగును. పంపు కడ్డీని పైకెత్తుటకు అది చాలును. జనరేటరునకు కావలసినది వేగము. 1888లో క్లీవ్‌లాండ్ నగరమున చార్లెస్ బ్రష్ కరెంటు కొఱకు నిలిపిన మహా గాలిమర 17 మీటర్ల వ్యాసమును, 144 రెక్కలును కలిగియు 12 కిలోవాట్లే ఇచ్చెను. జేకబ్స్ సోదరులు తుదకు రూపొందించిన మర 14 అడుగుల వ్యాసముతోనే 2.5 నుండి 3 కిలోవాట్లదాక ఇచ్చెను. గాలికి ఎదురొడ్డిన వైశాల్యము బ్రష్ మర వైశాల్యములో సుమారు 16వ వంతు. శక్తి మాత్రము 4వ వంతు.

మూడవ రెక్క

మార్సెలస్ విమానము నడుప నేర్చినవాడు. విమానపు ప్రొపెల్లరే అతనికి దారి చూపినది. అయితే ప్రొపెల్లరువలె రెండు రెక్కలుగల మరలో ఒక దోషము కలదు. గాలి దిక్కు మారినపుడు తోక మరను అటు మళ్ళింపవలెను గదా. రెక్కలు నిలువుగ నున్న క్షణమున మలుపు సులువగును, అడ్డముగ వచ్చిన క్షణమున వాని భారమే మలుపునకు ఎదురు తిరుగును. అందుచే మర సాఫీగ మళ్ళక కుదుపు కుదుపుగ మళ్ళును. ఆ కుదుపులకు ఉక్కు సైతము అలసి పగులును. మూడవ రెక్క చేర్చినంతనే భారము అన్ని దిక్కులకు సమముగ సర్దుకొని కుదుపు శమించినది. పెనుగాలిలో వేగము మితిమీరకుండ, తిరుగుడు బలమునకు వెలుపలికి విచ్చుకొను బరువుగుండ్లు రెక్కల వాలును తామే మార్చునట్లు గవర్నరు నమర్చిరి.

చలికాలము ఈ మరకు ఒక విధమున మిత్రమే. అప్పటి గాలులు జోరైనవి; గాలివేగము రెట్టింపైనచో దాని శక్తి 8 రెట్లగును. అదిగాక, సున్నకు దిగువ 20 డిగ్రీల గాలి 30 డిగ్రీల వేసవి గాలికన్న సుమారు ఐదవ వంతు అధికముగ చిక్కనిది. అందుచే అదే వేగమున అంత అధికముగ శక్తి నిచ్చును. అసలు కష్టము బ్యాటరీలతోనే. 2 వోల్టుల గాజు పాత్రలు 16 వరుసగ కలిపినచో 32 వోల్టులు. ఆ కాలపు పల్లెయిండ్ల కరెంటు సాధారణముగ అదే. నిండుగ ఛార్జియైన పాత్రలోని ఆమ్లద్రవము సున్నకు దిగువ 50 డిగ్రీలకు గూడ గడ్డకట్టదు. పూర్తిగ ఖాళీయైనచో అది దాదాపు నీరై, సున్నకు దిగువ 10 డిగ్రీలకే పేరుకొని గాజును పగులగొట్టును. కావున వానిని నేలమాళిగలో భద్రపరచి, ద్రవపు చిక్కదనము తెలుపు హైడ్రోమీటరు తేలు మట్టము చూచి, ఆ రాత్రి రేడియో ఎంతసేపు మ్రోగవలెనో నిర్ణయించుకొనవలయును. తన శక్తిని తాను పండించుకొను గృహమునకు దాని పొదుపు వేరొకరు చెప్పనక్కరలేదు.

తీగ వచ్చినపిదప

1931లో సోదరులు మినియాపొలిస్ నగరమునకు తరలి కర్మాగారము నెలకొల్పిరి. వారి మరలు వేలకొలదిగ సేద్యక్షేత్రములపై వెలసినవి. 1933లో బయలుదేరిన అడ్మిరల్ బర్డ్ దక్షిణధ్రువ యాత్రకు గూడ ఒకటి వెళ్ళినది. 1936లో గ్రామీణ విద్యుదీకరణ చట్టము వచ్చి, చౌక కరెంటు తీగలు పల్లెలు చేరుకొలది గాలిమరల గిరాకి సన్నగిల్లెను. 1950ల ద్వితీయార్ధమున ఆ కర్మాగారము మూతపడెను.

తీగ వచ్చుటను నేను నిందింపను. అది ఆసుపత్రికి, బడికి, వ్యవసాయపు మోటారుకు ప్రాణము పోసినది. తీగతోపాటు, యంత్రమును విప్పి చూచి బాగుచేయు విద్యయు ఇల్లు విడిచిపోవుటయే నాకు బాధ. మన పల్లెలలో బండిచక్రము చెడినచో వడ్రంగి ఆకులు బిగించుటయు, కమ్మరి ఇనుప పట్టాను ఎఱ్ఱగ కాల్చి తొడుగుటయు రైతు కన్నులయెదుటనే జరిగెడివి. చూచి చూచి ఆ మర్మము అతనికిని పట్టువడెడిది. నేడు ఇంటికప్పుపై సౌరఫలకము గల రైతు సైతము, దాని ఇన్వర్టరు పెట్టె పనిచేయనినాడు పట్టణపు మెకానిక్కు కొఱకు దినములు లెక్కించుచున్నాడు. కొన్న యంత్రమైనను, కట్టిన యంత్రమైనను, దాని లోపలి పనితీరు తెలిసిన ఇంటికే అది నిజముగ సొంతము. పల్లె బడిలో ఒక పాత మోటారును పిల్లలచే విప్పించి, మరల కూర్పించి, తిరుగునట్లు చేయింపుడు. పెద్ద నిధులు కోరని ఆ ఒక్క పాఠముతోనే గ్రామ స్వయంసమృద్ధికి పునాది పడును.