కడలి కుటుంబంలో పెద్దదిక్కు

2018 జూలై 24న కెనడాలోని విక్టోరియా నగరానికి సమీపాన, సముద్రంలో ఒక ఆడ ఓర్కా పిల్లకు జన్మనిచ్చింది. పదిహేడు నెలలు గర్భాన మోసిన బిడ్డ. సుమారు అరగంట బ్రతికి ఆ పసికూన ప్రాణం విడిచింది. తల్లి మాత్రం దానిని వదలలేదు. తల మీద నిలుపుకొని, జారి మునిగిన ప్రతిసారీ లోతుకు దిగి తిరిగి పైకి తెచ్చుకుంటూ 17 రోజులపాటు సుమారు 1,600 కిలోమీటర్లు ఈదింది. పరిశోధకుల పట్టికలో ఆమె సంఖ్య జె-35. జనం పెట్టుకున్న పేరు టాలెక్వా. 2025 జనవరిలో, మరో పిల్ల మరణించినప్పుడు కూడా ఆమె అదే విధంగా మోస్తూ కనిపించింది.

దీనిని దుఃఖమని అనవచ్చునా అని శాస్త్రజ్ఞులు కొంత తటపటాయిస్తారు. జంతువుల ప్రవర్తనకు మానవ భావాలను ఆపాదించరాదన్నది వారి నియమం. మంచి నియమమే. అయినప్పటికీ, బిడ్డ శవాన్ని రెండు వారాలకు పైగా మోసిన తల్లి విషయంలో వేరొక పదం వెదకడం కష్టమే.

ఈ ప్రాణిని ఆంగ్లంలో ‘కిల్లర్ వేల్’ అంటారు. హంతక తిమింగలమని అర్థం. నిజానికి ఇది డాల్ఫిన్ల కుటుంబానికి చెందినది, వాటన్నిటిలోకీ పెద్దది. పెద్ద మగ ఓర్కా ఎనిమిది మీటర్ల పొడవు, ఐదారు టన్నుల బరువు ఉంటుంది. వీపు మీది రెక్క మనిషి నిలువెత్తు ఉంటుంది. ఇక ‘హంతక’ అన్న మాట సంగతి: స్వేచ్ఛగా సముద్రంలో తిరిగే ఓర్కా మనిషిని చంపినట్లు ధ్రువపడిన ఘటన ఇంతవరకు లేదు. కొలనులలో బంధించబడిన ఓర్కాలు మాత్రం కొందరు శిక్షకుల మరణానికి కారణమయ్యాయి.

వీటిని ఒక్కొక్కటిగా గుర్తించడం 1970వ దశకంలో కెనడా జీవశాస్త్రవేత్త మైకేల్ బిగ్‌తో మొదలయింది. వీపు రెక్క మీది గాట్లు, దాని వెనుక జీను ఆకారంలో ఉండే బూడిద రంగు మచ్చ ఏ రెండు ఓర్కాలకూ ఒకేలా ఉండవని ఆయన గమనించాడు. ఛాయాచిత్రాలు తీసి, ప్రతి ఓర్కాకూ ఒక సంఖ్య ఇచ్చి, ఎవరి బిడ్డ ఎవరో నమోదు చేశారు. ఆ వంశవృక్షాలు దశాబ్దాల తరబడి పెరిగిన కొద్దీ ఒక ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. ఆ తీరాన చేపలు తిని బ్రతికే ఓర్కాలలో కూతురు గానీ కొడుకు గానీ తల్లిని విడిచి వెళ్లరు. ముప్పై ఏళ్ల కొడుకు కూడా తల్లి పక్కనే ఈదుతాడు. ఇతర కుటుంబాల ఆడ ఓర్కాలతో జతకట్టినా తిరిగి తల్లి వద్దకే చేరుకుంటాడు.

మన ఇళ్లలో అమ్మమ్మకు ఒక మాట, నానమ్మకు మరొక మాట ఉన్నాయి. నానీ, దాదీ అని పిలుచుకునే ఇళ్లలోనూ అంతే. ఓర్కా పిల్లకు ఆ రెండవ మాటతో పని ఉండదు. కొడుకు సంతానం వేరే కుటుంబంలో పెరుగుతుంది కనుక, పక్కనుండి పెంచేది ఎప్పుడూ అమ్మమ్మే.

ఆ అమ్మమ్మ సామాన్యురాలు కాదు. ఆడ ఓర్కాకు నలభై ఏళ్ల ప్రాయంలో సంతాన యోగ్యత ముగుస్తుంది. ఆ తరువాత మరికొన్ని దశాబ్దాలు జీవిస్తుంది. సంతానం ఆగిన తరువాత ఇంత దీర్ఘకాలం జీవించే జీవజాతులు ప్రపంచంలో బహు కొద్ది. మానవ స్త్రీ వాటిలో ఒకరు. పిల్లలు కనని ముసలితనం ప్రకృతిలో ఎందుకు నిలిచింది? 2019లో వెలువడిన ఒక అధ్యయనం ఈ ప్రశ్నకు కొంత జవాబిచ్చింది. అమ్మమ్మ మరణించిన తరువాతి రెండేళ్లలో మనుమలకు చావు ముప్పు నాలుగున్నర రెట్లు అధికమని అందులో తేలింది. చేపలు కరువైన ఏడు ఈ లోటు మరింత తీవ్రమవుతుంది. అటువంటి కాలంలో గుంపుకు ముందు నడిచేది ముసలమ్మే. ఏ ఋతువులో ఏ నదీముఖం వద్ద సాల్మన్ దొరుకుతుందో ఆమె జ్ఞాపకంలో ఉంటుంది.

కొడుకుల విషయం ఇంకా విచిత్రం. ముప్పై దాటిన మగ ఓర్కా తల్లిని పోగొట్టుకుంటే, ఆ మరుసటి ఏడాదిలోగా అది మరణించే అవకాశం పద్నాలుగు రెట్లు పెరుగుతుందని 2012 నాటి పరిశోధన తెలిపింది. అదే వయస్సు కూతుళ్లకు ఆ పెరుగుదల మూడు రెట్లకు లోపే. తాను పట్టిన చేపను తల్లి రెండుగా చీల్చి ఎదిగిన కొడుక్కి సగం పెడుతుంది. అలా కొడుకును సాకుతున్న తల్లికి మరో బిడ్డ కలిగే అవకాశం తగ్గుతుందని కూడా ఇటీవల లెక్కతేలింది. గారాబానికి మూల్యం ఆమే చెల్లిస్తోంది.

ఓర్కాల తెలివి కూడా కుటుంబంలోనే ఒకరి నుండి మరొకరికి అందుతుంది. మాట వినగానే ఇది ఫలానా ప్రాంతపు యాస అని మనం గుర్తుపట్టినట్లే, నీటిలో దించిన మైకు ద్వారా కూత వినగానే అది ఏ కుటుంబమో అనుభవజ్ఞులైన పరిశోధకులు చెప్పగలరు. పిల్ల ఆ యాసను తల్లి వద్ద నేర్చుకుంటుంది. వేట విద్యలూ అంతే. అంటార్కిటికాలో కొన్ని ఓర్కాలు వరుసగా నిలిచి ఒక్కుమ్మడిగా మంచుపలక వైపు దూసుకువెళ్లి, అలను లేపి, పలక మీది సీల్‌ను నీటిలోకి తోస్తాయి. అర్జెంటీనాలోని వాల్డెస్ ద్వీపకల్పం వద్ద మరికొన్ని ఓర్కాలు ఒడ్డు మీదికే దూకి సీ లయన్ పిల్లలను పట్టుకొని, ఒళ్లు మెలితిప్పుకుంటూ తిరిగి నీటిలోకి జారుకుంటాయి. కొంచెం తప్పినా ఇసుకలో చిక్కి చావవలసిందే. అందుకే పిల్లలు పెద్దల వెంట ఏళ్ల తరబడి అభ్యసిస్తాయి. టాలెక్వా బంధువులు మాత్రం సీల్ పక్కనే ఈదుతున్నా ముట్టవు. వాటి పెద్దలు నేర్పిన ఆహారం చేప, అందులోనూ ప్రధానంగా చినూక్ సాల్మన్.

ఆ విధేయతే నేడు వాటి పాలిట గండమైంది. ఆనకట్టల వల్ల, అధిక వేట వల్ల, నదులు పాడవడం వల్ల చినూక్ తగ్గిపోయింది. ఓర్కాలు కూతలు పంపి, వాటి ప్రతిధ్వనిని కింది దవడతో గ్రహించి చేపను కనిపెడతాయి. ఓడల రొద ఆ ప్రతిధ్వనిని ముంచివేస్తోంది. తల్లుల కొవ్వులో పేరుకున్న పారిశ్రామిక విషాలు పాల ద్వారా పిల్లలకు, అందులోనూ తొలిచూలు బిడ్డకు ఎక్కువగా చేరుతున్నాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు శిక్షణ పొందిన కుక్కను పడవ మీద ఉంచుకొని, అది వాసన పట్టిన దిక్కుకు పోయి, నీటిపై తేలే ఓర్కా మలాన్ని సేకరించి హార్మోన్లను పరీక్షించారు. 2008 నుండి 2014 వరకు వారు గుర్తించిన గర్భాలలో 69 శాతం నిలవలేదు. నేడు ఈ సమూహంలో మిగిలినవి డెబ్బై అయిదు లోపే.

ఈ క్షీణతలో మానవుడు నేరుగా చేసిన భాగమూ ఉంది. 1970 ఆగస్టులో వాషింగ్టన్ రాష్ట్రపు పెన్ కోవ్ అనే చోట పడవలతో, పేలుళ్లతో ఓర్కాలను తరిమి, వలల్లో బంధించి, ఏడు పిల్లలను వినోదశాలలకు అమ్మారు. వలల బయట మిగిలిన పెద్దలు పారిపోకుండా పిల్లల కూతలు వింటూ అక్కడే తిరుగాడాయని చూసినవారు చెప్పారు. ఆ ఏడింటిలో టోకిటే అనే పిల్ల మయామీలోని ఒక చిన్న కొలనులో, లోలిటా అన్న పేరుతో, యాభై ఏళ్లకు పైగా ఆటలాడి 2023 ఆగస్టులో మరణించింది. ఆమెను స్వస్థలానికి తిరిగి పంపేందుకు ఏర్పాట్లు జరుగుతున్న సమయమది. ఓర్కాలను బంధువులుగా భావించే లమ్మీ తెగవారు సెప్టెంబరులో ఆమె చితాభస్మాన్ని పుట్టిన సముద్రంలో కలిపారు. ఆమె తల్లి అని భావించే ఎల్-25 అప్పటికి ఇంకా ఆ నీళ్లలోనే ఈదుతూ ఉంది.