పెరటిలో నుయ్యి

2017 వేసవిలో మేము చీరాల ప్రాంతములోని ఒక తీర గ్రామ సంఘమునకు పరిచర్య నిమిత్తము వచ్చాము. పాస్టరు గృహమైతే ఉన్నది గాని నీళ్లు లేవు. మా ఇంటివారు రెండు బిందెలతో వీధి కుళాయి దగ్గర నిలబడుట చూడలేక పెరటిలో నుయ్యి తవ్వించాలనుకున్నాము. ఇసుక నేల, పన్నెండు అడుగులలోనే నీళ్లు, ఇదెంత పని అని మా ధీమా.

చోటు దగ్గరే మొదటి చిక్కు. సంఘ పెద్ద ఒకరు కొబ్బరికాయతో జల చూసే మనిషిని తీసుకొచ్చారు. అరచేతిలో కాయ లేచి నిలబడిన చోటు మరుగుదొడ్డి గోతికి పదిహేను అడుగులే! నుయ్యి గోతికి కనీసము 50 అడుగుల దూరములో, మెరకన ఉండాలి. ఇసుకలో మురుగు తేలికగా పాకుతుంది. మేము ఒప్పుకోకపోతే ఆ పెద్ద రెండు ఆదివారములు మాతో మాట్లాడలేదు. ఇస్సాకు తన బావికి ఏశెకు, అనగా జగడము అని పేరు పెట్టుకొన్నాడు. మాకు తవ్వకముందే ఆ పేరు సరిపోయింది.

సిమెంటు వరలు రావడం రెండు రోజులు ఆలస్యమైంది. ఈలోగా మొదలుపెడతామని యౌవనస్థులు అడిగారు. సరేనన్నది మేమే. తడి ఇసుక గోడలాగే నిలబడుతుంది, ఎండకు ఆరేకొద్దీ జారుతుంది. ఈ సంగతి మాకు తెలియదు. తవ్విన ఇసుకను గట్టునే పోగు వేశారు. ఆరు అడుగుల లోతుకు వెళ్లేసరికి ఒక ప్రక్క మొత్తము కూలి, పంతొమ్మిదేళ్ల కుర్రవాడు రొమ్ము వరకు కూరుకుపోయాడు.

మొదట "ఏం కాలేదు పాస్టరుగారూ" అన్నాడు. తర్వాత మాట సన్నబడింది. ఊపిరి వదలినప్పుడల్లా ఇసుక ఇంకాస్త బిగుస్తుంది, మళ్లీ పీల్చుకోనివ్వదు. మేము మోకు వేసి లాగబోయాము. ప్రక్క వీధిలో వరలు దించే తాతగారు పరుగున వచ్చి, "లాగొద్దయ్యా, నడుము పోద్ది!" అని కేక వేశారు. గట్టు మీద జనాన్ని దూరంగా నెట్టి, పోగు తీయించి, అంచున బల్లలు పరిపించి, రొమ్ము దగ్గర నుండి చేతులతో, చిప్పలతో తోడించారు. నలభై నిమిషములు పట్టింది. ఆ తల్లి ఏడవలేదు, ఊరకే నిలబడి చూసింది. మేము ఆమె ముఖము చూడలేకపోయాము.

వరలు వచ్చాక పని తాతగారిదే. మొదటి వర దించి, లోపల కూర్చొని అంచు క్రింద చుట్టూ సమముగా తవ్వుతారు. వర తన బరువుతోనే దిగుతుంది. పైన ఇంకొకటి పేర్చుతారు. ఒక ప్రక్కే తవ్వితే వంకరపోతుంది. ఇసుక ఎప్పుడూ వర వెలుపలే, మనిషి లోపలే.

పదిహేను అడుగులకు మూడు అడుగుల నీళ్లు నిలిచాయి. రోహిణీ కార్తెలో ఆ మాత్రము నిలిస్తే ఏడాది పొడుగునా ఉంటాయి. ఇంకో నాలుగు అడుగులు దించమని మేము అడిగాము. తాతగారు పైకి వచ్చి కాళ్లు కడుక్కున్నారు. "కింద ఉప్పయ్యా" అన్నారు. తీరములో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టముకంటే ఒక అడుగు ఎత్తున మంచినీరుంటే దాని క్రింద సుమారు 40 అడుగులు మంచినీరే అని లెక్క. పైన ఒక అడుగు తగ్గితే క్రింద ఉప్పు ఆ మేరకు పైకి రాగలదు. మన తీరపు రైతులు దొరువులను లోతు చేయనిది ఇందుకే. మేము మోటారు పెట్టలేదు. గిలక, చేద చాలు.

చుట్టూ చప్టా కట్టించి, బ్లీచింగు పొడి బకెట్టు నీళ్లలో కలిపి, సున్నము అడుగున దిగాక పై తేట నూతిలో పోశాము. అప్పటి నుండి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల లెక్కన వేస్తున్నాము. వేసిన గంట వరకు ఎవరూ తోడరాదు.

ఆ కుర్రవాడు సాయంత్రములు వచ్చి నీళ్లు తోడుకొని పోతాడు. వాళ్లమ్మ మాత్రము ఇప్పటికీ వీధి కుళాయికే వెళ్తుంది.